ఇబ్బట్ కొడుకు

యార్క్ పట్నంలో చేతితొడుగులు కుట్టేవాళ్ళ వీధికి పోయి ఇబ్బట్‌సన్ల ఇల్లెక్కడని అడిగితే చంటిపిల్లలు కూడా చూపిస్తారు. ఇబ్బట్ కొడుకు సంతతి అని ఆ ఇంటిపేరుకు అర్థం. ఆ ఇబ్బట్ ఎవరయ్యా అని వాళ్ళనే అడిగితే మాత్రం తలకొక కథ చెబుతారు. రాజుగారి వెంట ఫ్రాన్సు యుద్ధానికి పోయిన విలుకాడని ఒకడంటాడు. ఉన్ని ఓడలకు యజమాని అని ఇంకొకడంటాడు. అంతా ఉత్తమాట. ఇబ్బట్ అసలు మగవాడే కాదు. ఆస్కర్‌బీ ఊళ్ళో పందుల్ని మేపుకుని, బార్లీ విసురుకుని బతికిన ఆడమనిషి. ఇంటికి తండ్రి పేరో తాత పేరో నిలవడం లోకరీతి. తల్లి పేరు నిలిచిందంటే తండ్రి పేరును ఎవరో పనిగట్టుకుని గీకేశారన్నమాట. ఆ గీకడం ఎలా జరిగిందో చెబుతాను. చెవికి ఇంపైన కథ కాదు.

పెద్ద చావు అని అందరూ పిలిచే ప్లేగు ఊరిని ఊడ్చుకుపోయిన మూడో ఏడు అది. ఆస్కర్‌బీలో సగం ఇళ్ళకు దీపం పెట్టే దిక్కు లేదు. ఇబ్బట్ మొగుడు ఆడమ్ ఆ చావులోనే పోయాడు. ఆమెకు మిగిలింది ఇరవై మూడేళ్ళ కొడుకు వారిన్, పంతొమ్మిదేళ్ళ కూతురు సిస్లీ, పదిహేనెకరాల వెట్టి భూమి. వెట్టి భూమి అంటే దున్నుకునేది మనమే, సొంతం మాత్రం దొరది. వారానికి మూడు రోజులు దొర పొలంలో చాకిరీ. దొర సెలవు లేకుండా ఊరు దాటకూడదు, పిల్లకు పెళ్ళి చేయకూడదు. వెట్టివాడికి పుట్టినవాడు వెట్టివాడే, వాడికి పుట్టబోయేవాడూ వెట్టివాడే. పెద్ద చావు తర్వాత కూలీలు కరువయ్యారు కాబట్టి దొరలకు తమ మనుషుల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక్కణ్ణి కూడా పోనిచ్చేవారు కాదు.

అయినా వారిన్ పోయాడు. ఒక తెల్లవారుజామున గోడ దూకి యార్క్ చేరి, ఒక తొడుగుల పనివాడి దగ్గర చేరాడు. పట్నం గోడల లోపల ఏడాది మీద ఒక్క రోజు గడిపితే ఏ దొరా చెయ్యి వెయ్యలేడని అందరికీ తెలిసిన మాటే. ఆ గడువుకు ఇంకా నలభై రోజులున్నాయనగా ఇబ్బట్‌కు జ్వరం వచ్చింది. బతకననుకుంది. కొడుకును ఒక్కసారి చూడాలనిపించి, ఉన్ని బండివాడితో కబురు పంపింది. వాడు వచ్చాడు. తల్లికి జ్వరం తగ్గింది, కొడుకు కాలికి సంకెల పడింది. దొర తరఫున పెత్తనం చేసే దివాను మనుషులు వాణ్ణి ఊరి బయటే పట్టుకుని ధాన్యపు కొట్టంలో కట్టేశారు. ఆ కబురు నేను పంపకుండా ఉంటే అన్న మాట ఆ రోజు నుంచి ఇబ్బట్ గుండెల్లో మేకులా దిగిపోయింది.

రోజూ మధ్యాహ్నం రొట్టె, జున్ను గుడ్డలో కట్టుకుని కొట్టానికి వెళ్ళేది. మూడో రోజు వాడు రొట్టె ముట్టలేదు.

"అమ్మా, ఒక మాటడుగుతా, నిజం చెప్తావా?"

"ముందు తిను."

"మా షాపుకి వచ్చే ఒక వకీలు చెప్పాడు. పెళ్ళి కాకుండా పుట్టినోడికి రాజుగారి చట్టంలో తండ్రే లేడంట. తండ్రి లేకపోతే వెట్టి ఎక్కణ్ణించొస్తుంది? వాడు పుట్టుకతోనే స్వతంత్రుడంట."

ఇబ్బట్ రొట్టెను ముక్కలు చేస్తూ ఉండిపోయింది.

"నేను పెళ్ళికి ముందు పుట్టానా, తర్వాత పుట్టానా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇరవై మూడేళ్ళుగా ఆమె ఆ కడుపును పట్టుకునే నడుస్తోంది. ఆడమ్, ఆమె ఒకరికొకరు మాట ఇచ్చుకున్న ఏడు పంట పోయింది. వెట్టివాడు పెళ్ళాడాలంటే దొరకు కట్టాల్సిన రుసుముంటుంది. అది కూడేసరికి ఇంకో కోత కాలం వచ్చింది. ఈలోగా వారిన్ పుట్టాడు. చర్చి గుమ్మం దగ్గర పెళ్ళి జరిగిన రోజున వాడికి ఐదు నెలలు. ప్రార్థన వేళ పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళ తల మీద నలుగురు తెల్లగుడ్డ పట్టుకుంటారు. ముందే పుట్టిన బిడ్డను ఆ గుడ్డ కింద తల్లి ఒళ్ళో ఉంచితే, ఆ బిడ్డ సక్రమ సంతానమైపోతుందని చర్చి మాట. ఇబ్బట్ అలాగే చేసింది. ఆ గుడ్డ కింద నుంచి తలెత్తుకుని బయటికొచ్చింది. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. చూసినవాళ్ళలో చాలామంది చచ్చిపోయారు.

"ముందే పుట్టావురా," అంది. "ఐదు నెలలు ముందు."

వాడి కళ్ళలో సంతోషం కనబడింది. తల్లి అవమానంలో కొడుక్కి సంతోషం దొరికేసరికి ఆమె ఒళ్ళో ఉడుకునీళ్ళు పోసినట్టయింది. అయినా వాణ్ణి ఒక్క మాట అనలేకపోయింది.

"దొర కచేరీలో చెప్తావా అమ్మా?"

"చెప్పాక మీ నాన్న పేరు నీకుండదురా."

"సంకెల కూడా ఉండదు కదా."

ఊళ్ళో ఇలాంటి మాట దాగదు. రెండు రోజుల్లో హామండ్ అనే రైతు ఇబ్బట్ గుమ్మంలో నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళవాడు. కచేరీలో తీర్పు చెప్పే పన్నెండుగురు పెద్దల్లో ఒకడు. పెద్ద చావులో ముగ్గురు కొడుకుల్ని, అంతకు ముందు ఇద్దరు పెళ్ళాల్ని మట్టిలో పెట్టాడు. రెండో పెళ్ళాం ఒంటిని కడిగి గుడ్డ చుట్టింది ఇబ్బటే. చచ్చిన ఆ మనిషి చెయ్యి మోచేతి దగ్గర విరిగి ఉందని ఆమెకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది కనుక.

"నీ పెళ్ళికి నేనున్నా ఇబ్బట్," అన్నాడు హామండ్, బీరు చెంబు అందుకుంటూ. "గుడ్డకి ఒక కొస నేను పట్టుకున్నా, ఇంకో కొస మీ మరిది రోల్ఫ్ పట్టుకున్నాడు. కింద నీ ఒళ్ళో బుడ్డోడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కచేరీలో అడిగితే చెప్తా."

"నీ రుణం ఉంచుకోను హామండ్."

"నాకేం వద్దులే. తర్వాత సంగతి తర్వాత." అంటూ అతను పెరట్లోకి చూశాడు. అక్కడ సిస్లీ కట్టెలు కొడుతోంది. "గట్టి పిల్ల. మగాడిలా దున్నుతుందంటగా?"

ఇబ్బట్‌కు ఆ చూపు అర్థం కాలేదని నేను అబద్ధం చెప్పలేను. అర్థమైంది. అర్థమైనా చెంబులో మళ్ళీ బీరు పోసింది. ఆ పూట ఆమెకు కళ్ళ ముందు ఒక్క బిడ్డే కనిపిస్తున్నాడు. కాలికి సంకెల ఉన్నవాడు.

అతను వెళ్ళాక సిస్లీ గొడ్డలి భుజాన వేసుకుని లోపలికొచ్చింది.

"ఆ ముసలి గద్దకి మనమీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందే?"

"నోరు ముయ్. మీ అన్నయ్యకి సాక్ష్యం చెప్తానంటున్నాడు."

"అన్నయ్యకి సాక్ష్యం. మరి నన్నెందుకు పళ్ళికిలించి చూశాడు?"

"నీకన్నీ పెడర్థాలే," అంది ఇబ్బట్.

కచేరీ దొరగారి పెద్ద హాల్లో జరుగుతుంది. దొర ఎప్పుడూ లండన్‌లోనే. ఆయన కుర్చీ పక్కన వేసిన కుర్చీలో దివాను గెర్వేస్ కూర్చున్నాడు. పళ్ళు కనబడకుండా నవ్వే మనిషి. కింద బల్ల దగ్గర రాతగాడు పాత తీర్పులు, లెక్కలు రాసిన తోలు చుట్టలు పరుచుకున్నాడు. పన్నెండుగురు పెద్దలు ఒక బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. మిగతా ఊరంతా గోడల వెంట నిలబడింది. వారిన్‌ను సంకెలతోనే తెచ్చి నడుమ నిలబెట్టారు.

దివాను ముందుగా ఆడమ్ తమ్ముడు రోల్ఫ్‌ను పిలిచాడు. రక్తసంబంధం ఉన్న వెట్టివాడు ఒప్పుకుంటే వెట్టితనం రుజువైనట్టే. రోల్ఫ్ టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు.

"నేను దొరగారి మనిషినే. మా అయ్యా దొర మనిషే. వీడు మా అన్న కొడుకు."

"ఇంకేం కావాలి?" అన్నాడు దివాను పెద్దల వైపు తిరిగి. "వెట్టివాడి కొడుకు వెట్టివాడు. రాసుకో."

"ఆగండి బాబూ," అంది ఇబ్బట్.

సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టించారు. అందరికీ వినబడేలా చెప్పింది.

"వీడు ఆడమ్‌కి పుట్టినోడే. అది కాదనను. కానీ వీడు పుట్టేనాటికి ఆడమ్ నాకు మొగుడు కాడు. చర్చి గుమ్మం ఎక్కేసరికి వీడికి ఐదు నెలలు."

హాల్లో ఒక్కసారిగా గుసగుస లేచింది. వెనక నుంచి ఎవరో ఆడగొంతు గట్టిగానే అంది. "చర్చిలో మాకంటే ముందు మోకరించేదే. ఇదా సంగతి?" కొందరు నవ్వారు. ఇబ్బట్ తల తిప్పలేదు.

"సాక్ష్యం?" అన్నాడు దివాను.

"పెళ్ళి గుడ్డ పట్టుకున్న నలుగుర్లో ఇద్దరు పోయారు. ఇద్దరున్నారు. ఒకడు మీరు పిలిచిన మనిషే. అడగండి."

దివాను అడగలేదు. పెద్దల్లోంచి తర్స్టన్ అనే ముసలాయన అడిగాడు. రోల్ఫ్ మొహం ఎర్రబడింది. ప్రమాణం చేసి ఉన్నాడు, పక్కనే పుస్తకం ఉంది.

"పట్టుకున్నా," అన్నాడు. "కింద పసిపిల్లాడున్నాడు. వీడే." తర్వాత వదిన వైపు తిరిగాడు. "వదినా, చచ్చిన మా అన్నని మళ్ళీ చంపుతున్నావు కదే. వీడు నా కొడుకు, నా పెద్దకొడుకు అని చెప్పుకుని పోయాడు ఆయన."

"చచ్చినోళ్ళకి ఏం కాదు రోల్ఫ్. బతికున్నోడి కాలు చూడు, పుండయింది."

మాట అనేసింది గానీ ఆడమ్ మొహం కళ్ళ ముందు నిలబడింది. ఈ బిడ్డను భుజం మీద కూర్చోబెట్టుకుని చేలగట్ల మీద తిరిగిన మొహం.

హామండ్ లేచి తనూ గుడ్డ పట్టుకున్నానని చెప్పాడు. తర్స్టన్ తల ఊపాడు.

దివాను తడబడలేదు. "ఇంకేం మరి? గుడ్డ కింద ఉంచారుగా. చర్చి లెక్కన సక్రమ సంతానమేగా. సక్రమంగా పుట్టాక తండ్రి ఉన్నట్టే, తండ్రి ఉన్నాక వెట్టి ఉన్నట్టే. నీ నోటితో నువ్వే నా పని సులువు చేశావమ్మా."

ఈ మాట వస్తుందని ఇబ్బట్‌కు తెలుసు. ఏడు రోజులుగా దీని కోసమే ఎదురుచూస్తోంది.

"చర్చి లెక్క అదే బాబూ. మరి ఆవిస్ కొడుకు డికన్‌కి ఆ లెక్క ఎందుకు కుదర్లేదు?"

పెద్ద చావుకు ముందు ఏడు, ఆవిస్ మొగుడు పోతే ఇదే దివాను ఇదే కుర్చీలో కూర్చుని, గుడ్డ కింద నిలబడిన డికన్‌కి తండ్రి దున్నిన భూమి రాదన్నాడు. గుడ్డ చర్చి వాళ్ళది, చట్టం రాజుగారిది అన్నాడు. ఆ భూమి లాక్కుని దొరగారి డేగల పెంపకందారుకు ఇచ్చాడు. డికన్ అడుక్కు తింటూ ఆ చలికాలమే కాలవగట్టున చచ్చి పడున్నాడు. ఇబ్బట్‌తో సహా ఊరంతా వెళ్ళి చూసి వచ్చింది. ఎవరూ నోరెత్తలేదు.

"రాతగాడి దగ్గర ఉంటుంది కదా. చదివించండి," అన్నాడు తర్స్టన్.

రాతగాడు దివాను మొహం చూశాడు. దివాను చెయ్యి ఊపాడు. పాత చుట్ట విప్పి, లాటిన్ ముక్కల్ని అందరికీ అర్థమయ్యేలా చదివాడు. గుడ్డ కింద నిలిచిన బిడ్డ రాజు చట్టంలో ఎవరి కొడుకూ కాడు. దివాను గెర్వేస్ తీర్పు.

ఇక ఆయనకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. వారిన్ సక్రమ సంతానమంటే డికన్ భూమి తిరిగివ్వమని ఆవిస్ తమ్ముళ్ళు రేపే వచ్చి కూర్చుంటారు. కాదంటే వారిన్ పోతాడు. డేగలవాడు దొరగారికి బావమరిది. దివాను పెద్దల్ని తీర్పు అడిగాడు. పన్నెండుగురూ గుసగుసలాడుకుని ఒకే మాట చెప్పారు. పెళ్ళికి ముందు పుట్టాడు, ఎవరి కొడుకూ కాడు, స్వతంత్రుడు.

రాతగాడు చాకు తీశాడు. ఊరి వెట్టివాళ్ళ జాబితాలో ఆడమ్ కొడుకు వారిన్ అని ఉన్నచోట తోలు మీద గీకాడు. ఆ చప్పుడు హాలంతా వినబడింది. ఆడమ్ అనే మాట పొడిగా రాలిపోయింది. గీకిన చోట ఊది, కలం ముంచి అడిగాడు.

"ఏమని రాయను? ఎవరో ఒకరి కొడుకనాలి కదా."

"ఇబ్బట్ కొడుకని రాయి," అన్నాడు దివాను. "ఆ పిల్లాడు ఎక్కడికి పోయినా, ఎవరు అడిగినా, సంగతి తెలవాలి."

ఈసారి హాల్లో చాలామంది నవ్వారు. సంకెల ఊడదీశారు. వారిన్ కాలు ఎత్తి దించి, ఎత్తి దించి చూసుకుంటున్నాడు. ఇబ్బట్ నవ్వులు విన్నది, కాలూ చూసింది. నవ్వుకుంటే నవ్వుకోండి, నా బిడ్డ నడుస్తున్నాడు అనుకుంది. ఆ పుణ్యం ఆమెకు నాలుగు నిమిషాలు కూడా దక్కలేదు.

"పని అయిపోలేదు," అన్నాడు దివాను. "అయితే ఆడమ్‌కి సక్రమంగా పుట్టిన బిడ్డ ఒక్కతే. సిస్లీ ఏది? ముందుకు రా. భూమి నీది, వెట్టీ నీదే. పదిహేనెకరాల భూమిని ఒంటరి ఆడదాని చేతిలో దొరగారు ఉంచరు. మగదిక్కు కావాలి. ఎవరైనా ముందుకొస్తారా?"

హామండ్ లేచాడు. నిమ్మళంగా, ముందే అనుకున్నవాడిలా లేచాడు.

"నేను చేసుకుంటా దివానుగారూ. రుసుము నేనే కడతా."

"ఒద్దు," అంది సిస్లీ. "నేనే దున్నుకుంటా. ఇన్నాళ్ళూ దున్నింది ఎవరు?"

"నిన్నెవరూ అడగలేదు పిల్లా. వచ్చే పండక్కి ముందు పెళ్ళవ్వాలి. లేకపోతే మీ అమ్మని ఇంట్లోంచి పంపించేస్తా, నిన్ను కొట్టంలో పెడతా. అక్కడ సంకెల ఇప్పుడు ఖాళీయే."

వారిన్ ముందుకు అడుగు వేశాడు. "మా చెల్లెల్ని ఆ ముసలోడికి—"

"నువ్వెవరు?" అన్నాడు దివాను. "ఎవరి కొడుకువీ కావని ఇప్పుడే కదా తేల్చాం. ఎవరి కొడుకూ కానివాడికి చెల్లెలెక్కడిది? ఇది వెట్టివాళ్ళ కచేరీ. స్వతంత్రుడివి, నీకిక్కడ మాట లేదు. బయటికి పో."

ఇద్దరు బంట్రోతులు వాడి భుజాలు పట్టుకున్నారు. వాడు పెనుగులాడతాడని ఇబ్బట్ అనుకుంది. కొంచెం పెనుగులాడాడు. ఆ తర్వాత తన కాలు వైపు చూసుకున్నాడు, గుమ్మం వైపు చూశాడు. "చెల్లీ, డబ్బు పంపిస్తా, విడిపిస్తా," అని అరుస్తూనే నడిచి బయటికి వెళ్ళాడు. ఈడ్చాల్సిన పని పడలేదు.

ఇబ్బట్ దివాను కుర్చీ ముందు మోకాళ్ళ మీద పడింది.

"నన్ను పెట్టండి బాబూ కొట్టంలో. పిల్ల జోలికి పోవద్దు. హామండ్, నీకు దండం పెడతా, నీ రెండో పెళ్ళాం ఒంటికి గుడ్డ చుట్టింది నేనే కదా—"

"అమ్మా, లే," అంది సిస్లీ.

భుజాలు పట్టుకుని లేపింది. తల్లి తలగుడ్డ జారిపోతే సరిగ్గా కట్టింది. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం పెట్టావని తిట్టి ఉంటే ఇబ్బట్‌కు సులువుగా ఉండేది. తిట్టలేదు. కోపం కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అన్నయ్యని పెళ్ళికి ముందు కన్నావు. నన్ను కూడా ముందే కనుంటే నీ సొమ్మేం పోయేదమ్మా?"